కొండవేటకి తేలికపాటి రైఫిల్: బరువు ఎక్కడ తగ్గించాలి, ఎక్కడ తగ్గించకూడదు

కేటలాగ్ తెరవగానే అందరి చూపూ ముందు పడేది ఒకే అంకె మీద: రైఫిల్ బరువు. ఒక కంపెనీ 2.9 కిలోలంటుంది, ఇంకోటి 2.5 అంటుంది, మరొకటి 2.2 అంటుంది. కొండల్లో వేటకి వెళ్లేవాడు సహజంగానే ఆ చివరిదాని వైపు మొగ్గుతాడు. తప్పేం లేదు, వెయ్యి మీటర్ల ఎత్తు ఎక్కి దిగేసరికి భుజాన వేలాడే ప్రతి వంద గ్రాములూ లెక్కకొస్తాయి. కాకపోతే ఆ రైఫిల్‌ని రోజంతా మోసి చివరికి కాల్చేది ఒక్కసారి, అదీ ఆయాసం తీరకుండా, గుండె దడదడలాడుతుండగా, ఏ బండరాయి మీదో బ్యాగ్ మీదో ఆనించి, రెండొందలో మూడొందలో మీటర్ల అవతల నిలబడిన మేకజాతి జంతువు మీదికి. మోయడానికి సుఖంగా ఉన్న తుపాకీయే కాల్చేటప్పుడు సతాయిస్తుంది. అందుకే నన్నడిగితే ఎంత తేలిక అని చూడకముందే ఆ తేలిక ఏ భాగంలోంచి వచ్చిందో చూడాలి. స్టాక్‌లోంచి (భుజానికి ఆనించే పిడి భాగం) తీసిన మూడొందల గ్రాములూ, బ్యారెల్‌లోంచి (గుండు వెళ్లే గొట్టం) తీసిన మూడొందల గ్రాములూ తూకంలో ఒకటే, కాల్చేటప్పుడు మాత్రం ఒకటి కాదు.

(లైసెన్సు, వేట అనుమతి, సీజను ఇవన్నీ ఏ దేశంలో వేటాడుతున్నారో అక్కడి చట్టం ప్రకారం ఉండి తీరాలి, అది వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడ మాట్లాడుకునేది వస్తువు గురించే.)

ముందు ఆ అంకె సంగతి తేల్చుకుందాం. కేటలాగ్‌లో వేసేది ఒట్టి రైఫిల్ బరువు. స్కోప్ లేదు, దాన్ని పట్టుకునే రింగులు లేవు, పట్టీ లేదు, తూటాలు లేవు. మామూలు 3.5-10x40 స్కోప్ (మూడున్నర నుంచి పది రెట్లు పెంచి చూపేది, ముందు అద్దం 40 మి.మీ.) ఒకటి దాదాపు 360 గ్రాములు. తేలికపాటి అల్యూమినియం రింగులు వంద గ్రాముల లోపు. పట్టీ ఒక వంద. .308 అనే రకం తూటా ఒక్కోటి పాతిక గ్రాముల దాకా తూగుతుంది కాబట్టి నాలుగు వేస్తే ఇంకో వంద. అంటే 2.2 కిలోల రైఫిల్ కొండెక్కేసరికి 2.8 దాటుతుంది. అదే రైఫిల్ మీద 5-25x56 లాంటి పెద్ద స్కోప్ పెట్టారనుకోండి, ఆ స్కోపే కిలో తూగుతుంది, దానికి తగ్గ ఉక్కు రింగులు అదనం. తేలిక కోసం డబ్బు గుమ్మరించి టైటానియం యాక్షన్ (తూటాని లోపలికి ఎక్కించి, మూసి, పేల్చే యంత్రభాగం) కొని, దాని నెత్తిన కిలో గాజు పెట్టుకుని తిరిగేవాళ్లు తక్కువేం లేరు. కాబట్టి రెండు రైఫిళ్లని పోల్చాలంటే అన్నీ బిగించాక తక్కెడ మీద పెట్టి పోల్చాలి. ఇక్కడినుంచి నేను బరువు అన్నప్పుడల్లా ఆ పూర్తి బరువే అనుకోండి.

తన్ను లెక్క

తేలిక తుపాకీ గట్టిగా తన్నుతుందని అందరికీ తెలుసు, ఎంత గట్టిగా అనేది మాత్రం చాలామంది లెక్క వేసుకోరు. లెక్క పెద్ద కష్టం కాదు. గుండు ముందుకి ఎంత ఊపుతో వెళ్తుందో, దాని వెనకాలే మందు మండిన వాయువు ఎంత ఊపుతో వెళ్తుందో, ఆ రెండూ కలిపి అంత ఊపూ రైఫిల్ వెనక్కి తీసుకుంటుంది. .308లో 9.7 గ్రాముల గుండు సెకనుకి 860 మీటర్ల వేగంతో వెళ్తే, దాదాపు 3 గ్రాముల మందు వాయువుగా మారి అంతకంటే చాలా ఎక్కువ వేగంతో బయటికొస్తుంది. రెండూ కలిపితే ఊపు (బరువుని వేగంతో గుణిస్తే వచ్చేది, కిలోల్లో, సెకనుకి మీటర్లలో) దాదాపు 12.6. ఈ అంకె రైఫిల్ బరువుని బట్టి మారదు. 3.6 కిలోల రైఫిల్ అయితే సెకనుకి 3.5 మీటర్ల వేగంతో వెనక్కొస్తుంది, భుజానికి చేరే శక్తి దాదాపు 22 జౌల్స్. 2.8 కిలోల రైఫిల్ అయితే వేగం 4.5, శక్తి 28 జౌల్స్. ఎనిమిదొందల గ్రాములు తగ్గినందుకు దెబ్బ దాదాపు 30 శాతం పెరిగింది.

ఇప్పుడు అదే 2.8 కిలోల రైఫిల్‌లో .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ (మందు ఎక్కువ పట్టే పెద్ద తూటా) వేసి చూడండి: యాభై జౌల్స్ దాటుతుంది. 6.5 క్రీడ్‌మూర్ అనే తూటా వేస్తే 22, 23 దగ్గర ఆగుతుంది, అంటే 3.6 కిలోల .308 రైఫిల్‌తో సమానం. 7 ఎంఎం-08 వేస్తే 25కి అటూ ఇటూ. మీరు ఎంచుకునే తూటా రైఫిల్ బరువు కంటే ఎక్కువగా భుజం మీద పని చేస్తుందని ఈ అంకెల్లోనే ఉంది.

దెబ్బ తగిలితే ఏమవుతుంది, వేటలో ఒక్కసారే కదా, ఆ ఉత్సాహంలో తన్నింది కూడా తెలియదు అంటారు. నిజమే, జంతువు మీద కాల్చేటప్పుడు తెలియదు. కానీ అంతకు ముందు రేంజ్‌లో సాధన చేసేటప్పుడు తెలుస్తుంది. యాభై జౌల్స్ రైఫిల్‌తో ఇరవై తూటాలు కాల్చాక మీ వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్లేసరికి కళ్లు వాటంతట అవే మూసుకోవడం మొదలవుతుంది, భుజం ముందుకి తోస్తుంది, గుండు కిందికో పక్కకో పోతుంది. ఈ ఉలికిపాటు ఒకసారి అలవాటైతే పోగొట్టుకోవడానికి మూడు చెరువుల నీళ్లు తాగాలి. అంతకంటే పెద్ద నష్టం ఏంటంటే, నొప్పి పెట్టే రైఫిల్‌తో ఎవరూ సాధన చేయరు, బీరువాలో పెట్టి ఏడాదికోసారి తీస్తారు.

స్టాక్ ఆకారం కూడా ఇక్కడ లెక్కలోకొస్తుంది. మడమ (భుజానికి తగిలే వెనక పై కొన) దగ్గర బాగా కిందికి వాలిన స్టాక్ అయితే బ్యారెల్ మూతి పైకి లేచి స్టాక్ చెంప మీద కొడుతుంది, స్టాక్ పై అంచు తిన్నగా ఉండి బ్యారెల్‌కి సూటిగా వెనక ఉంటే దెబ్బ తిన్నగా భుజంలోకి వస్తుంది, ఓర్చుకోవడం తేలిక. మంచి మెత్తటి రబ్బర్ ప్యాడ్ నూటయాభై గ్రాములున్నా సరే ఉంచుకోండి. అక్కడ గ్రాములు కోసేవాళ్ల లెక్క నాకు అర్థం కాదు.

గురి ఎందుకు ఆగదు

తన్ను గురించి అందరూ మాట్లాడతారు. అంతకంటే తక్కువ మాట్లాడేది, నా లెక్కలో అంతకంటే ముఖ్యమైనది, కాల్చకముందు జరిగే సంగతి. బరువున్న వస్తువు కదలడానికి బద్ధకిస్తుంది. మీ నాడి కొట్టుకోవడం, ఊపిరి, చేతుల వణుకు, గాలి ఇవన్నీ రైఫిల్‌ని నెడుతూనే ఉంటాయి. బరువైనది ఆ చిన్న తోపుల్ని మింగేస్తుంది, తేలికది ప్రతిదానికీ స్పందిస్తుంది. పైగా ట్రిగ్గర్ ఉంది. రెండు కిలోల బలంతో లాగాల్సిన ట్రిగ్గర్‌ని 2.8 కిలోల రైఫిల్ మీద పెడితే, లాగుతున్న వేలే రైఫిల్‌ని పక్కకి లాగేస్తుంది. అందుకని తేలిక రైఫిల్ కొంటే ట్రిగ్గర్ కిలో, కిలోంపావు దగ్గర, జారుడు లేకుండా పుటుక్కున తెగేలా ఉండాలి. మరీ అంతకంటే తగ్గిస్తే చలిలో మొద్దుబారిన వేళ్లతో, చేతి తొడుగులతో ఉన్నప్పుడు ప్రమాదం. స్కోప్ మీద పెట్టే డబ్బులో కొంత ఇక్కడ పెడితే లాభం.

బరువు ఎంత అన్నదాంతో పాటు ఎక్కడ ఉందనేది కూడా చూడాలి. ఒకే బరువున్న రెండు రైఫిళ్లలో, ముందువైపు కొంచెం బరువున్నది ఎదురుగా స్థిరంగా ఆగుతుంది, వెనక బరువున్నది మూతి గాలిలో ఈదుతూ ఉంటుంది. స్టాక్ మరీ తేలిక, బ్యారెల్ మరీ పెన్సిల్, స్కోప్ మరీ పెద్దది అయితే బరువంతా మధ్యలో పైకి చేరుతుంది, ఆనించినా పక్కకి ఒరిగిపోతుంది. దుకాణంలో రైఫిల్ చేతిలోకి తీసుకుని మ్యాగజైన్‌కి (తూటాలు నింపే పెట్టె) కాస్త ముందు ఒక వేలి మీద నిలబెట్టి చూస్తే సగం విషయం తెలిసిపోతుంది.

బరువు కోసిన చరిత్ర

కొండవేట కోసం తేలిక రైఫిల్ అనే ఆలోచన ఇవాళ్టిది కాదు. ఆస్ట్రియాలో స్టెయర్‌లో తయారైన మాన్‌లిహెర్-షోనాయర్ 1903 మోడల్ కార్బైన్ దాదాపు 45 సెంటీమీటర్ల బ్యారెల్‌తో, మూతిదాకా చెక్క తొడిగి, గుండ్రంగా తిరిగే మ్యాగజైన్‌తో, 6.5x54 అనే చిన్న తూటాతో వచ్చింది. ఆల్ప్స్ వేటగాళ్లకి అది చాలాకాలం నచ్చింది, కారణం పొట్టిగా ఉండటం, తన్ను తక్కువ ఉండటం. అదే ఆల్ప్స్‌లో కిప్‌లాఫ్ అనే ఒంటి తూటా రైఫిల్ కూడా ఉంది, నడుము దగ్గర విరిచి తూటా పెట్టేది. బోల్ట్ (చేత్తో ముందుకీ వెనక్కీ లాగి తూటా ఎక్కించే కడ్డీ) లేదు, మ్యాగజైన్ లేదు, అందుకే అందరికంటే తేలిక. రెండో తూటా వెంటనే దొరకదని ఒప్పుకున్నవాళ్లకి ఇప్పటికీ మంచిదే, కానీ గాయపడ్డ జంతువుకి వెంటనే రెండో గుండు వేయగలగడం నాకు ముఖ్యం, అందుకే నా ఓటు బోల్ట్ యాక్షన్‌కే.

అమెరికాలో విన్‌చెస్టర్ 1952లో మోడల్ 70 ఫెదర్‌వెయిట్ తెచ్చింది. బ్యారెల్ సన్నం చేసి 22 అంగుళాలకి కుదించి, ట్రిగ్గర్ గార్డు, అడుగు పలక అల్యూమినియంతో చేసి బరువు తగ్గించారు. అదే ఏడాది మార్కెట్లోకొచ్చిన పొట్టి తూటా .308ని దీనిలోనే ముందు దింపారు. 1980ల్లో వెస్ట్ వర్జీనియాకి చెందిన మెల్విన్ ఫోర్బ్స్ ఇంకో దారి పట్టాడు: యాక్షన్‌ని తూటాకి సరిపడేంత మాత్రమే చేసి, స్టాక్‌ని కెవ్లార్, గ్రాఫైట్ పొరలతో చేసి, బ్యారెల్‌ని చివరిదాకా స్టాక్‌లో ఆనించి పరిచాడు. అల్ట్రా లైట్ ఆర్మ్స్ పేరుతో వచ్చిన ఆ రైఫిళ్లలో నాకు నచ్చే సంగతి ఒకటుంది. మిగతావాళ్లు బ్యారెల్ గీస్తుంటే, ఆయన ఎక్కువ బరువు స్టాక్‌లోంచీ యాక్షన్‌లోంచీ తీశాడు, బ్యారెల్‌ని మామూలు లావుకి దగ్గరగానే ఉంచాడు. నేను మొదట చెప్పిన మాట ఇదే.

ఎక్కడ కోస్తే నష్టం తక్కువ

స్టాక్‌తో మొదలుపెట్టండి. వాల్‌నట్ చెక్క స్టాక్ కిలోకి అటూ ఇటూ తూగుతుంది, లామినేట్ చెక్క అంతకంటే బరువు. బాగా చేసిన కార్బన్ ఫైబర్ స్టాక్ అరకిలో, ఆరొందల గ్రాముల్లో వస్తుంది. ఇక్కడ తీసిన బరువుకి గురిలో పెద్ద జరిమానా ఉండదు, పైగా చెక్కలాగా తడికి ఉబ్బి బ్యారెల్‌ని నొక్కే బాధ తప్పుతుంది. చెక్క అందం నాకూ ఇష్టమే, కానీ మూడురోజులు వానలో మంచులో నానేచోట దానికి పని లేదు. కంపెనీతో వచ్చే చవక ప్లాస్టిక్ స్టాక్ తేలికే గానీ, ముందుభాగాన్ని వేళ్లతో నొక్కితే వంగి బ్యారెల్‌కి తగులుతుంది. బ్యాగ్ మీద ఆనించి కాల్చేటప్పుడు ఒకచోట, చేత్తో పట్టి కాల్చేటప్పుడు ఇంకోచోట గుండు పడటానికి ఇదొక కారణం. కొనేముందు స్టాక్ ముందుభాగాన్ని, బ్యారెల్‌ని కలిపి పిడికిట్లో బిగించి చూడండి, సందు మూసుకుపోతుందంటే ఆ స్టాక్ మార్చే ఖర్చు కూడా కలుపుకుని లెక్క వేయాలి.

స్కోప్ రెండోది. మూడొందల మీటర్ల లోపు కాల్చడానికి తొమ్మిది రెట్లు, పది రెట్లు పెంచి చూపేది బోలెడు. స్థిరంగా ఆరు రెట్లే చూపే 6x36 లాంటిది మూడొందల గ్రాముల లోపే దొరుకుతుంది, లోపల కదిలే భాగాలు తక్కువ కాబట్టి పాడయ్యేదీ తక్కువే. రెటికిల్ (స్కోప్‌లో కనిపించే గురి గీతలు) చూడటానికి తేలికగా ఉందా, మసక వెలుగులో కనిపిస్తుందా అన్నది పెద్ద అద్దం కంటే ఎక్కువ పని చేస్తుంది. ఒకటి మాత్రం గమనించాలి: తేలిక రైఫిల్ వెనక్కి వేగంగా వస్తుంది కాబట్టి కంటికీ స్కోప్‌కీ మధ్య దూరం తక్కువున్నది తీసుకుంటే కనుబొమ్మ మీద గుండ్రటి కోత ఖాయం. ముఖ్యంగా పైకి ఏటవాలుగా కాల్చేటప్పుడు.

యాక్షన్‌లో కోయడానికి దారులు చాలానే ఉన్నాయి. ఉక్కు సాంద్రత 7.85 అయితే టైటానియంది 4.5, అంటే అదే ఆకారం నలభై శాతం పైగా తేలికవుతుంది. కాకపోతే టైటానియానికి ఒక దుర్గుణం ఉంది, రెండు లోహాలు ఒరుసుకునేచోట అది అతుక్కుని చీరుకుపోతుంది, అందుకే బోల్ట్ ఉక్కుతో చేసి, లోపల పూతలు వేస్తారు. ఖరీదు కూడా అందుకు తగ్గట్టే. పొట్టి యాక్షన్ ఎంచుకుంటే కూడా కొంత తగ్గుతుంది, .308 కుటుంబం తూటాలకి దాదాపు 71 మి.మీ. పొడవు చాలు, .270 లాంటివాటికి 85 మి.మీ. దాకా కావాలి. అయితే ఈ తేడా వంద గ్రాముల దగ్గరే, దానికోసం నచ్చిన తూటాని వదులుకోనక్కర్లేదు. టిక్కా టీ3ఎక్స్‌నే చూడండి, అన్ని తూటాలకీ ఒకే పొడవు యాక్షన్ వాడుతుంది, అయినా లైట్ మోడల్ ఒట్టి బరువు సుమారు 2.9 కిలోల్లోనే ఉంటుంది. అటుపక్క కింబర్ మౌంటెన్ అసెంట్ సన్నటి చిన్న ఉక్కు యాక్షన్‌తోనే ఒట్టి బరువు సుమారు 2.2 కిలోలకి దిగింది. టైటానియం లేకుండా బరువు తగ్గదన్న మాట పట్టించుకోకండి.

ఇక బ్యారెల్. ఇదే అన్నిటికంటే చివర ముట్టుకోవాల్సింది. గట్టిదనం వ్యాసపు నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది: మూతి దగ్గర 18 మి.మీ. లావుని 16కి తగ్గిస్తే రెండు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది, 18 మి.మీ. దానికి 16 మి.మీ. దానికంటే వంగకుండా నిలిచే బలం దాదాపు 60 శాతం ఎక్కువ. సన్న బ్యారెల్ మొదటి గుండుకి బాగానే పని చేస్తుంది, నిజానికి కొన్ని అద్భుతంగా చేస్తాయి. కానీ వరసగా మూడు నాలుగు కాల్చేసరికి వేడెక్కి, లోపల తయారీలో మిగిలిన ఒత్తిళ్లు సడలి, గుండు పడే చోటు మెల్లగా జరగడం మొదలవుతుంది. వేటలో మొదటి గుండే అసలైనది కాబట్టి ఇది భరించదగ్గ లోపమే. తూటాల మధ్య బ్యారెల్ చల్లారనివ్వకుండా పదేసి కాల్చి 'ఈ రైఫిల్ గురి లేదు' అని తీర్పు చెప్పడం మాత్రం అన్యాయం.

పొడవు గురించి ఇంకో కోణం. 24 అంగుళాల బ్యారెల్‌ని 22కి తగ్గిస్తే మూతి వేగం సెకనుకి పదిహేను మీటర్ల దగ్గర పోతుంది, అంతే. బదులుగా అదే లావులో గట్టిదనం దాదాపు 30 శాతం పెరుగుతుంది, బరువు తగ్గుతుంది, బ్యాగ్‌కి కట్టుకుని రాళ్ల మధ్య దూరేటప్పుడు మూతి తగలదు. అంటే బ్యారెల్ తేలిక కావాలంటే ముందు పొట్టి చేయండి, తర్వాతే సన్నం చేయండి. మాగ్నమ్ తూటాలకి ఇది అంత బాగా కుదరదు, వాటికి మందు ఎక్కువ, అది కాలడానికి పొడవు కావాలి, పొట్టి చేస్తే మోతా మంటా మిగులుతాయి.

గాడులు చెక్కిన బ్యారెల్ గట్టిగా ఉంటుందని అమ్మేవాళ్లు చెప్తారు. ఉన్న బ్యారెల్‌కి గాడులు చెక్కితే లోహం పోతుంది, కాబట్టి గట్టిదనం తగ్గుతుందే తప్ప పెరగదు. అదే బరువున్న సన్న బ్యారెల్‌తో పోల్చినప్పుడు మాత్రం, లావుగా ఉండి గాడులున్నది గట్టిది. రెండు వాక్యాల మధ్య తేడాని ప్రకటనలు తెలివిగా మింగేస్తాయి. కార్బన్ ఫైబర్ చుట్టిన బ్యారెళ్లదీ అలాంటి కథే: సన్నటి ఉక్కు గొట్టం చుట్టూ కార్బన్ చుట్టి లావు చేస్తారు. లావాటి ఉక్కు బ్యారెల్‌తో పోలిస్తే అది బాగా తేలిక, కానీ పెన్సిల్ ఉక్కు బ్యారెల్‌తో పోలిస్తే చాలాసార్లు బరువే. తేలికగా ఉంటూ కాస్త ఎక్కువ తూటాలు కాల్చేవాళ్లకి అది అర్థవంతమైన ఖర్చు. అన్నిటికంటే తేలిక కావాలనుకునేవాళ్లకి కాదు.

మూతికి బిగించే బ్రేక్ తన్నుని బాగా తగ్గిస్తుంది, అందులో అబద్ధం లేదు. కానీ మందు మండిన వాయువుని పక్కలకీ వెనక్కీ తిప్పుతుంది. బ్రేక్ లేకుండానే రైఫిల్ మోత 160 డెసిబెల్స్‌కి దగ్గరగా ఉంటుంది, ఒక్క దెబ్బకే చెవికి శాశ్వతంగా హాని చేయగలదు. బ్రేక్ ఉంటే కాల్చేవాడికీ పక్కన బైనాక్యులర్‌తో చూస్తున్న తోడుకీ ఇంకా ఘోరం. పైగా జంతువు కనిపించిన హడావిడిలో చెవి ప్లగ్గులు పెట్టుకునేవాడు ఎంతమంది? చట్టం అనుమతించే దేశాల్లో సైలెన్సర్ మంచి మార్గం, మోతా తన్నూ రెండూ తగ్గుతాయి. పొట్టి బ్యారెల్ మీద పెడితేనే మోయడానికి వీలుగా ఉంటుంది, బరువు మూతి దగ్గర చేరుతుంది కాబట్టి గురి ఆగడానికి కూడా కొంచెం సాయం చేస్తుంది. అవేవీ వద్దనుకుంటే, బ్రేక్ అవసరం పడని తూటా తీసుకోవడమే తేలికైన పరిష్కారం.

తూటా, ఎత్తు, వాలు

కొండ అనగానే దూరం, దూరం అనగానే మాగ్నమ్ అనే ఆలోచన చాలామందిలో పాతుకుపోయింది. లెక్క చూద్దాం. మూడువేల మీటర్ల ఎత్తులో గాలి సముద్రమట్టంతో పోలిస్తే పాతిక శాతం పలచన. గుండుని ఆపే గాలే తక్కువైతే మామూలు తూటా కూడా కింద కంటే ఎక్కువ వేగం మిగుల్చుకుంటుంది, తక్కువ పడుతుంది. అంటే ఎత్తు మీకు ఊరికే కొంత బలం ఇస్తోంది. కొండగొర్రె, ఐబెక్స్, షామా (రెండూ కొండల్లో ఉండే మేకజాతి జంతువులు) లాంటివి మరీ భారీ జంతువులు కావు, వాటి ఛాతీలో ప్రాణం ఉండే చోటు ఒక జానెడు, జానెడున్నర వెడల్పు. 6.5 క్రీడ్‌మూర్, 7 ఎంఎం-08, .308, .270 ఇవన్నీ మూడొందల మీటర్ల దాకా ఆ పని చేసి పెడతాయి. 2.8 కిలోల రైఫిల్‌కి నా ఎంపిక 7 ఎంఎం-08. దుప్పి జాతిలో పెద్దవాటిని కూడా కొట్టాల్సిన చోటికి వెళ్తుంటే .308 లేదా .270, కాకపోతే రైఫిల్ పూర్తి బరువు మూడు కిలోలు దాటనివ్వండి. మాగ్నమ్ కావాల్సిందేనంటే మూడున్నరకి తక్కువ వద్దు.

దూరం కంటే ఎక్కువమందిని మోసం చేసేది వాలు. కొండకి అటుపక్కన కింద ఉన్న జంతువుకి రేంజ్‌ఫైండర్ (దూరం కొలిచే పరికరం) 400 మీటర్లు చూపించింది, కోణం 30 డిగ్రీలు అనుకోండి. భూమి ఆకర్షణ గుండుని కిందికి లాగేది అడ్డంగా ఉన్న దూరాన్ని బట్టే, అది 346 మీటర్లు. 200 మీటర్లకి జీరో చేసిన (ఆ దూరంలో గురి పెట్టినచోటే గుండు పడేలా సరిచేసిన) మామూలు .308తో 400కి ఎత్తాల్సినంత ఎత్తి కాలిస్తే, గుండు దాదాపు పాతిక సెంటీమీటర్లకి పైగా మీదికి వెళ్తుంది, అంటే వీపు మీదుగా. పైకి కాల్చినా కిందికి కాల్చినా ఇదే, రెండు సందర్భాల్లోనూ గుండు మీదికే పోతుంది. 45 డిగ్రీలైతే 400 కాస్తా 283 అవుతుంది. కోణం కలిపి లెక్కేసే రేంజ్‌ఫైండర్ ఉంటే ఈ గొడవ లేదు, అది రైఫిల్‌లోంచి ఇంకో రెండొందల గ్రాములు తగ్గించడం కంటే మంచి ఖర్చు. గాలి మాత్రం అలా యంత్రంతో తేలదు. మూడొందల మీటర్ల దగ్గర గంటకి పదహారు కిలోమీటర్ల పక్కగాలి .308 గుండుని దాదాపు జానెడు పక్కకి తోసేస్తుంది, లోయకి అడ్డంగా కాల్చేటప్పుడు మీ దగ్గర వీచే గాలి ఒకటి, మధ్యలో ఇంకొకటి.

చిన్న విషయాలు, పెద్ద తలనొప్పులు

మ్యాగజైన్ మూడు రకాలు. అడుగు మూసేసిన బ్లైండ్ మ్యాగజైన్ అన్నిటికంటే తేలిక, పోయే భాగాలే లేవు, కానీ ఖాళీ చేయాలంటే తూటాలన్నీ బోల్ట్‌తో లాగి తీయాలి. అడుగు పలక తెరుచుకునేది మధ్యస్థం. బయటికి తీసే మ్యాగజైన్ సౌకర్యం, కానీ పొదల్లో పాకుతున్నప్పుడు బటన్ నొక్కుకుని జారిపోయిందంటే మీ చేతిలో ఉన్నది ఒంటి తూటా తుపాకీ. అది కొంటే ఇంకోటి బ్యాగ్‌లో ఉంచుకోండి.

సేఫ్టీ బోల్ట్‌ని కూడా బిగించేలా ఉంటే మంచిది. భుజాన వేలాడుతూ కొమ్మలకి రాసుకుంటూ వెళ్లేటప్పుడు బోల్ట్ పిడి లేచి తెరుచుకోవడం నిజంగా జరిగే పనే. ఏదేమైనా ఎక్కేటప్పుడు బ్యారెల్ వెనక గదిలో (చాంబర్) తూటా ఉంచకండి, రెండు చేతులతో రాళ్లు పట్టుకుని ఎక్కేవాడి వీపున నిండు తుపాకీ ఉండకూడదు.

తూటా వెనక అంచుని పెద్ద కొక్కెంతో పట్టి లోపలికి నడిపించే పాత మౌజర్ పద్ధతా, ముందుకి తోసేసే పద్ధతా అన్న వాదన ఎప్పటికీ తెగదు. ఏటవాలులో పడుకుని, రైఫిల్ పక్కకి ఒరిగి ఉన్నప్పుడు, కంగారులో బోల్ట్ సగమే లాగి తోసేసే మనుషులు ఉన్నారు కాబట్టి నాకు కొక్కెం పద్ధతి మీద కొంచెం మొగ్గు. కానీ బాగా చేసిన తోపుడు యాక్షన్, నాసిగా చేసిన కొక్కెం యాక్షన్ కంటే ఎన్నో రెట్లు నయం.

చలిలో నూనె చిక్కబడి ఫైరింగ్ పిన్ (తూటా అడుగున కొట్టే సూది) నెమ్మదిస్తుంది, తూటా పేలదు. బోల్ట్ లోపలి నూనె పూర్తిగా తుడిచేసి, చలికి గడ్డకట్టని పలచటి కందెన చుక్క వేస్తే చాలు. చల్లటి రైఫిల్‌ని వెచ్చటి గుడారంలోకి తెస్తే దానిమీదా లోపలా చెమ్మ పడుతుంది, మళ్లీ బయటికి తీస్తే అది మంచై బిగుస్తుంది. అందుకే రాత్రి గుడారం వాకిట్లో, చలిలోనే, తూటాలు తీసేసి, కప్పి ఉంచడం మంచిది. మూతికి ఒక ముక్క టేప్ అంటిస్తే మంచు, మట్టి లోపలికి పోవు, గుండు వచ్చేలోపు ముందున్న గాలే దాన్ని ఎగరగొడుతుంది కాబట్టి తీయకుండానే కాల్చొచ్చు.

తేలిక రైఫిల్‌ని పరీక్షించే తీరు

బెంచ్ మీద, బస్తాల మధ్య, మెల్లగా కాల్చి ఒక నాణెం అంత గుంపు (కాగితం మీద గుండ్లు పడిన చోటు వెడల్పు) వచ్చిందని మురిసిపోవడం వల్ల పెద్ద ఉపయోగం లేదు. తేలిక రైఫిల్ పట్టుకునే పద్ధతే వేరు. బరువైన దాన్ని బస్తా మీద వదిలేసి వేలితో తాకితే సరిపోతుంది, తేలిక దాన్ని అలా వదిలితే గుండు గొట్టం దాటేలోపే ముందుభాగం ఎగిరి ప్రతిసారీ ఇంకోచోట పడుతుంది. ముందుభాగం మీద చేయి వేసి గట్టిగా కిందికి, భుజంలోకి పట్టాలి, ప్రతిసారీ అంతే బలంతో. చాలామంది ఈ తేడా తెలియక మంచి రైఫిల్‌ని అమ్మేసుకుంటారు.

అందుకని పరీక్ష ఇలా పెట్టుకోండి. పూర్తిగా చల్లారిన బ్యారెల్‌తో ఒక్క గుండు కాల్చి, కాగితం దాచిపెట్టి, మరుసటి రోజు అదే కాగితం మీద ఇంకొకటి. ఇలా పోగైన గుంపు మీ రైఫిల్ కొండమీద ఏం చేస్తుందో చెప్తుంది. మూడొందల మీటర్ల దగ్గర ఆ గుంపు పదమూడు సెంటీమీటర్ల లోపుంటే రైఫిల్‌లో లోపం వెతకడం మానేయొచ్చు, అది 100 మీటర్లకి నాలుగు సెంటీమీటర్లకి కొంచెం ఎక్కువ, మామూలు రైఫిల్ చేసే పనే. ఆ తర్వాత బ్యాగ్ మీద ఆనించి, కూర్చుని, పట్టీని మోచేతికి చుట్టి బిగించి, ఒక చిన్న పరుగు తీసి ఆయాసంతోనూ కాల్చండి. అప్పుడు వచ్చే గుంపు ఏ దూరానికి జానెడు దాటుతుందో అదే మీ హద్దు, తూటా డబ్బా మీద ఏం రాసున్నా సరే.

ఇవన్నీ చేశాక కూడా 2.8 కిలోల రైఫిల్‌తో కంటే 3.3 కిలోల దానితో మీ గుంపు సగానికి తగ్గుతోందని తేలితే, ఆ అరకిలో రైఫిల్‌లోనే ఉంచి, బ్యాగ్‌లోంచి తీసేయండి. రెండో జత బూట్లు, అవసరానికి మించిన తూటాలు, బరువైన ట్రైపాడ్, ఎక్కడో ఒకచోట అరకిలో దొరుకుతుంది. ఇరవై .308 తూటాల డబ్బాయే అరకిలో తూగుతుంది, కొండ మీదికి పది చాలు. ఆ పది కూడా జీరో చేసిన అదే లాట్ (ఒకే విడతలో తయారైనవి) నుంచి తీసుకెళ్లండి, క్యాంప్‌కి చేరగానే అందులో రెండు కాల్చి స్కోప్ ప్రయాణంలో కదల్లేదని చూసుకోండి, రింగుల స్క్రూలూ యాక్షన్ స్క్రూలూ బిగువుగా ఉన్నాయో లేదో అప్పుడే తడిమి చూడండి. తేలిక రైఫిల్ ఎక్కువ తన్నుతుంది కాబట్టి స్క్రూలు వదులయ్యేదీ దానికే ముందు.